అర్రలమ్మ

నన్ను మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు ఇచ్చిన్రు. రెండూర్ల నడుమ బండి దారి. చీకటితోని బయలెల్లితే ఎండ ముదరకముందే చేరుతం. మా అత్తగారింటికి చెరువు కింద కొంత తరి పొలం, ఊరి అవతల వానకు పండే చెల్క ఉండె. నాకు పనంటే ఇష్టం. ఈ మాట ముందుగాలనే ఎందుకు చెప్తున్ననంటే, తర్వాత నన్ను చూసినోళ్లు చానామంది పనిదొంగ అనుకున్నరు. పెండ్లైన కొత్తల నాటుకు దిగితే నా సాలు అందరికన్న ముందు పోయేది. మా అత్త గట్టు మీద నిలవడి పక్కామెతోని, "కోడలి చేతులు జూడు, పిట్ట ముక్కు లెక్క ఆడుతున్నయ్" అన్నది ఒకసారి. ఆమె నోట్ల నుంచి మెప్పు ఊకె రాదు. ఆ ఒక్క మాటను నేను చానేండ్లు దాసుకున్న.

బిడ్డ పుట్టింది. బిడ్డకు నడకొచ్చినంక మల్ల నెల తప్పిన గానీ ఆ కడుపు నిలవలే. అంతా అప్పుడే మొదలైందని మా అత్త అంటుండె. నాకైతే అంతకు ముందటి సంగతే యాదికున్నది. పొద్దుగాల లేవంగనే వేళ్లు ముడుసుకోకపోయేటియి. బర్రె కింద కూసుంటే పొదుగు పిండ చేతకాకపోయేది. మొదట్ల పొద్దు పొడిచేదాక అట్లుండి ఇడిసేది. తర్వాత పగటీలిదాక ఉండేది. ఇగ ఆ తర్వాత చెంబెడు నీళ్లు ఎత్తుకుంటే చెంబు చేతులకెళ్లి జారేది. "నిద్రల చెయ్యి ఒత్తుకపోయిందేమో" అనుకుంట రోజులు ఎల్లదీసిన.

ఆ యాసంగి కోతలప్పుడు ఎండ ఎప్పటి లెక్కనే ఉండె. నాకే అది వేరే తీరుగ తగిలింది. కొడవలి వట్టి నాలుగు పనలు కోసిన్నో లేదో మొహం మండుడు మొదలైంది. ఇంటికొచ్చి అద్దంల చూసుకుంటే ముక్కు దూలం మీద, రెండు చెంపల మీద ఎర్రగ లేసింది. ఎవరో రెండు చేతులు కుంకుమల ముంచి నా మొహానికి అద్దినట్టున్నది. మా అత్త చూసి ఎండదెబ్బ అన్నది. సల్ల పూసింది, గంధం పూసింది, యాపాకు నూరి పెట్టింది. దేవరయాంజాల్ రాములవారికి మొక్కింది. నా కోసం ఆమె చెయ్యగలిగినయన్నీ చేసింది. ఎర్రదనం తగ్గలే. జ్వరం పట్టుకున్నది. మాపటికి వస్తది, పొద్దుగాల పోతది, మల్ల మాపటికి వస్తది.

ఆ మాట ముందుగాల ఎవరు అన్నరో నాకు తెల్వదు. నా మొహం మీదైతే ఎవ్వలు అనలే. ఒకనాడు అన్నానికి కూసుంటే నా కంచం మారింది. మూలకు పడున్న పాత సత్తు కంచంల వడ్డించి మా అత్త దూరం నుంచి జరిపింది. నేను కంచం దిక్కు చూసిన, ఆమె మొహం దిక్కు చూసిన. ఆమె చూపు తిప్పుకున్నది. అప్పుడు తెలిసింది, నాకు పెద్దరోగం వచ్చిందని ఊరు అనుకుంటాందని. కుష్టును మా దిక్కు పేరుపెట్టి పిలువరు, పెద్దరోగం అంటరు.

ఇంటెనుక ఒక అర్ర ఉండె. విత్తనాలు, ఉల్లిగడ్డలు, ఎండు మిరపకాయలు పెట్టే అర్ర. దానికి వాకిట్లకు చిన్న కిటికీ, కిటికీకి కట్టె ఊచలు. మిరపకాయలు తీసి వేరే కాడ పెట్టిన్రు గానీ ఆ ఘాటు గోడలనే పట్టుకోని ఉండె. నా చాప, బొంత అండ్లకు పోయినయ్. ఎవ్వలు గొళ్లెం పెట్టలే. దాని అక్కెర లేకుండె. నేను బయటికొస్తే వాకిట్ల ఉన్నోళ్లు లేసి ఇంట్లకు పోతుండిరి. అది చూసుడుకన్న లోపల ఉండుడే నయమనిపించేది.

మొదటి రోజే అత్త గడప అవతల నిలవడి, "బిడ్డను నా కాడ పండుకోవెట్టుకుంట" అన్నది.

"అది నేను లేకుంటే పండదు అత్తా."

"పంటది. పసిపిల్లలకు మరుపెంతసేపు? నీకు నయమైనంక నీ బిడ్డ నీకే."

ఆ దినం బిడ్డ కిటికీ కాడికొచ్చి ఊచల నడుమకెళ్లి చెయ్యి లోపలికి పెట్టింది. వేళ్లు ఆడిచ్చుకుంట, "అమ్మా, పట్టుకో" అన్నది. ఎవరో నన్ను వెనుకకు గుంజలే. నేనే గోడకు జరిగి కూసున్న. నాక్కూడ అది పెద్దరోగమనే నమ్మకముండె. నా చెయ్యి తగిలితే దాని మొహం కూడ నా మొహం లెక్కనే అయితదని భయపడ్డ. అది కొంచెంసేపు ఏడ్చి పోయింది. తర్వాత్తర్వాత ఏడువకుండనే పోయింది. అవ్వ పక్కల పండుకోని, అవ్వ చేతిముద్ద తిని, అవ్వనే "అమ్మా" అని పిలుసుడు మొదలువెట్టింది. నన్ను పిలువాల్సొస్తే "అర్రలమ్మ" అన్నది. అట్లనమని ఎవ్వలు నేర్పలే. ఇద్దరమ్మలల్ల ఎవరు ఎవరో తెలువాలె గద, అందుకే పెట్టుకున్నది.

అర్రల ఎండ రాదు. అందుకనో ఏమో అప్పుడప్పుడు రోగం మెత్తవడేది. పొద్దుగాల లేస్తే పెయ్యి అలకగుండేది, వేళ్లు ఇట్ల ముడిస్తే అట్ల ముడుసుకునేటియి. అసొంటి దినాలల్ల పాణం ఊకునేది కాదు. ఎవ్వలు లేనప్పుడు బయటికొచ్చి వాకిలి ఊడిచేది, బియ్యం చెరిగేది, పిడకలు చేసేది. తెల్లారి తల ఎత్తలేకపోతుంటి. మా ఆయన కిటికీ కాడ నిలవడి, "నిన్న వాకిలంత ఊడిచినవట. నిన్న లేని నొప్పి ఇయ్యాల యాడికెళ్లి వచ్చింది?" అని అడిగేది. కోపంతోని కాదు, నిజంగనే తెల్వక అడిగేది. నేనేం చెప్పాలె? నాకు గూడ తెల్వదు. కాలు ఇరిగినోనికి కాలు ఇరిగి కనవడ్తది. నాది ఒకనాడు ఉంటది, ఒకనాడు ఉండదు. ఉన్ననాడు ఎవ్వలు నమ్మరు. లేనినాడు నేనే నమ్మ. రేపు ఎట్లుంటదో తెల్వకపోవుడే అన్నిటికన్న పెద్ద గోస. పండుగకు పిండి ఇసురుతనని ఒప్పుకోలేను, కూలికి వస్తనని మాటియ్యలేను, బిడ్డకు రేపు తల దువ్వుతనని గూడ అనలేను.

మా వెనుక గోడకు ఆనుకోని ఒక తురక కుటుంబముండె. ఆమె పెనిమిటి చింతపండు కొని పట్నంల అమ్మేది. ఆమెను ఊరంత ఖాలా, అంటే చిన్నమ్మ, అని పిలిచేది. నాకు మా అమ్మంత వయసు. గోడల నడుమ చిన్న తలుపుండె, ఆడోళ్లు నిప్పుకు, మజ్జిగకు అటిటు తిరిగే తలుపు. ఒకనాడు పగటీలి ఆమె ఆ తలుపులకెళ్లి వచ్చి, ఎవ్వలను అడుగకుండ నా అర్రల కింద కూసున్నది. నా చెంబెత్తుకోని నీళ్లు తాగింది.

"ఖాలా, అది నా చెంబు" అన్న.

"తెలుసు బేటీ. దూపైంది."

కండ్లల నీళ్లు తిరిగినయ్. ఆమె చూడనట్టే ఉండి, కొంగు తీసి మొహం కిటికీ వెలుతురుకు తిప్పింది. "గిటు చూడు."

ఆమె ముక్కు మీద, చెంపల మీద నాకున్నట్టే ఉన్నది. కానీ సన్నగ, పొద్దుగూకేటప్పటి మబ్బుల ఉండే రంగంత. చూడుమంటే తప్ప కండ్లకానదు.

"ఎండకాలం వస్తది, వానలకు పోతది. చలికాలం మోకాళ్లు పట్టుకుంటయ్. నా పెండ్లి కాకముందు నుంచి ఉన్నది" అన్నది. "నీది జాస్తున్నది. నాది తక్కువున్నది. ఇది పెద్దరోగమైతే నాకు ఈపాటికి వేళ్లుంటుండెనా?"

ఆమె చేతులు చూసిన. ఆ చేతులతోని ఆమె పెండ్లిండ్లకు డేగ్చలు దించుతది, రొట్టెలు కొడ్తది, నవ్వుకుంట పిల్లలను ఎత్తుకుంటది. ఇద్దరికీ ఒకటే బీమారి అయ్యుండొచ్చు. అయితే ఆమె దానితోని కాపురం చేస్తాంది, నేను దానిలోపల పడి ఉన్న.

"నీకు తక్కువెట్లున్నది ఖాలా?"

"ఎవరికెరుక? నేను ఇంట్లుంటే నీడల ఉంట, బయటికెళ్తే బురఖాల ఉంట. ఎండ నన్ను యాడ చూసింది?" అన్నది.

మా కాపోళ్ల ఆడోళ్లం ఆమెను చూసి పాపమనుకునేది. గాలి లేదు, ఎలుతురు లేదు, నాలుగు గోడల నడుమ బతుకని. మేము పొలాలల్ల తిరిగినోళ్లం. ఇప్పుడామె లేసి చుట్టపోళ్లింటికి పోతాంది, నేను ఈ అర్రల చాప మీద ఉన్న. ఆమెను చూసి ధైర్యం వచ్చిన మాట నిజమే. కండ్లు మండిన మాట గూడ నిజమే.

ఆమె పోయినంక మా అమ్మ చిన్నప్పుడు చెప్పిన మాటొకటి మతికొచ్చింది. పెద్దరోగమున్న కాడ తోలు మొద్దువారుతది, సూది గుచ్చినా తెల్వదు అని. నా కాడ బొంత కుట్టే సూది ఉండె. దాన్ని చేతుల పట్టుకోని చానాసేపు కూసున్న. తెల్వకపోతే ఏం చెయ్యాలె? తెల్వకుంటే ఇగ ఆశ కూడ ఉండదు. ఆఖరికి కండ్లు మూసుకోని చెంప మీద ఎర్రగున్న కాడ గుచ్చుకున్న. సుర్రుమన్నది. రెండో చెంప మీద గుచ్చుకున్న, ముక్కు మీద గుచ్చుకున్న. నొప్పైన కొద్ది నవ్వచ్చింది. నొప్పికి నేను సంబురపడ్డది అదొక్కసారే.

మాపటీలి ఆయన వచ్చినప్పుడు కిటికీ కాడికి పిలిచి మొహం చూపెట్టిన.

"గీ నెత్తురేంది?" అన్నడు.

"సూది గుచ్చుకున్న. నొప్పైతాంది. పెద్దరోగమైతే నొప్పి తెలువొద్దు గద."

ఆయన ఊచలు పట్టుకోని నిలవడ్డడు. చెడ్డ మనిషి కాదాయన. డాక్టరుకు చూపెట్టుదామని నేను ముందుగాల అడిగినప్పుడు ఊకున్నడు. డాక్టరు అవునన్నడంటే ఊర్ల తావుండదు, బిడ్డకు రేపు సంబంధం రాదు. తెలుసుకునుడుకన్న తెల్వకపోవుడే నయమనుకున్నడు. ఆ దినం మాత్రం, "రేపు బొల్లారం దవఖానకు పోదాం" అన్నడు.

ఎండల పోవుడెట్ల? ఖాలాను అడిగితే ఆమె తన బురఖా ఇచ్చింది. చీకట్లనే బండెక్కినం. తెల్లారింది. ఎన్ని నెలలకో ఊరి అవతలికొచ్చిన. కండ్ల ముందటి జాలీలకెళ్లి చెట్లు, గుట్టలు, దారిపొంటి పోయే మనుషులు అందరు కనవడుతున్నరు. వాళ్లకు నేను కనవడ. తూముకుంట దాటినంక మిలిటరీ లారీలు దుమ్ము లేపుకుంట పోయినయ్. ఎడ్లు బెదిరినయ్. నీళ్ల కోసం ఒక కాడ బండాపితే, మా ఆయనకు తెల్సిన ముసలాయన ఒకలు అక్కడ కూసోని ఉండె.

"బండ్ల ఎవరు?" అని అడిగిండు.

మా ఆయన కొంచెం తడబడి, "మా పక్కింటామె. దవఖానకు తీస్కపోతున్న" అన్నడు.

ఆయన అన్న దాంట్ల తప్పేమున్నది? నా భార్య అంటే, మరి గీ బురఖా ఎందుకు, మొహానికేమైంది అని ఇంకో పది మాటలొస్తయ్. అదంతా నాకెరుకనే. అయినా బండి కదిలినంక బొల్లారందాక ఎడ్ల మెడ గంటలు తప్ప నాకేం ఇనవడలే.

డాక్టరు వయసు మీదవడ్డ మనిషి. ఉర్దూల మాట్లాడిండు. చెంపలు, చేతులు, చెవులు తడిమి, ఈకతోని రాసి, సూదితోని గుచ్చి చూసిండు. నేను గుచ్చుకున్న మచ్చలు చూసి, "ఇవేంది?" అన్నడు. చెప్పిన. ఆయన తలకాయ ఊపిండు. తర్వాత మా ఆయనతోని, "ఇది కోఢ్ కాదు, పెద్దరోగం కాదు. అంటుకునేది కాదు. నెత్తురు తక్కువున్నది, జ్వరమున్నది. ఎండల తిప్పకు" అన్నడు.

"మరి గీ రోగం పేరేంది సాబ్?"

"నాకు గూడ పక్క తెల్వదు. అంటుకునేది కాదంటున్న గద, ఇప్పటికి అది చాలదా?"

జ్వరానికని కునైను గోలీలిచ్చిండు. మలేరియాకు ఇచ్చే గోలీలు. ఇంత చేదు నేను ఎన్నడు తినలే. చెవులల్ల ఎప్పుడూ కీచురాళ్లు అరిచినట్టుండేది. ఎవరన్న పిలిస్తే రెండోసారికి గాని ఇనవడేది కాదు. కానీ వారం పది దినాలు తిరిగినంక వేళ్లు ముడుసుకున్నయ్. మొహం మీది ఎర్రదనం ఖాలా మొహం మీదున్నంతకు వచ్చింది. జ్వరం పోయింది. అది మలేరియానే కావొచ్చనుకున్నం.

అంటుకునేది కాదని డాక్టరన్న మాట మా అత్త సగం నమ్మింది. నా సత్తు కంచం మార్చలే గానీ నన్ను అరుగు మీద కూసోనిచ్చింది. బిడ్డను నా పక్కన పండుకోనిచ్చింది. బిడ్డ పండలే. మొదటి దినం చాప అంచున ముడుసుకోని, అవ్వ యాడున్నదో చూసుకుంట పండింది. పొద్దుగాలకు అవ్వ పక్కల ఉండె. దాని బతుకుల నేను కిటికీ అవతలి మనిషినే. లోపలికి రావాల్నంటే యాళ్ల పడ్తది.

అంతల లడాయి ముదిరింది. లడాయి యాడ జరుగుతాందో మాకు తెల్వదు గానీ లారీలు తెలుసు, విమానాలు తెలుసు. ఒకసారి గోలీల కోసం బొల్లారం పోయొచ్చి ఆయన, "కునైను లేదట. దాని చెట్లు పెరిగే దేశాన్ని జపానోళ్లు తీసుకున్నరట" అన్నడు. పేరు గూడ తెల్వని దేశం ఒకటి ఓడిపోతే శామీర్‌పేటల నా చేతివేళ్లు బిగుసుకపోవుడు విచిత్రమే. గానీ గట్లనే అయింది.

ఈసారి వచ్చింది ముందటి లెక్క లేదు. ముందుగాలది నన్ను కూలి పనికి దూరం చేసింది, ఇది నన్ను నాకే దూరం చేసింది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగ ఊడేది. నోట్ల పుండ్లు లేసి గంజి గూడ మండేది. పొద్దుగాల కండ్లు, మాపటికి కాళ్లు ఉబ్బేటియి. అటు నుంచి ఇటు తిరిగి పండాల్నన్నా అత్తనే తిప్పాలె. ఏమన్న చెప్పవోతే మాట సగంల మరిసిపోయేది. ఈపారి అర్రలకు నన్ను ఎవ్వలు పంపలే, నేనే అడిగి పోయిన. ఎలుతురు కండ్లల పొడుస్తుండె. ముందుగాల ఆ అర్రకు నాలుగు గోడలుండె, ఇప్పుడు నా పెయ్యే గోడైంది. తలుపు తీసే ఉన్నది. తీసి ఉన్న తలుపు దిక్కు చూసుకుంట పండుకునుడు, మూసిన తలుపుకన్న కష్టం.

ఆ రోజులల్లనే ఒక మాపటీలి మా అత్త తమ్ముడు వచ్చిండు. మా ఆయన గూడ వచ్చి, ముగ్గురు వాకిట్ల మంచమేసుకోని కూసున్నరు. కిటికీ పక్కనే. నేను నిద్రల ఉన్ననుకున్నరో, ఉన్నా లేకున్నా ఒకటే అనుకున్నరో.

"ఇగ గామె లేవదు అక్కా. పొల్లగాడు ఎన్నొద్దులు గిట్లుంటడు? ఆడిపిల్లను ఎవరు చూడాలె? నా ఎరుకల ఒక సంబంధమున్నది" అన్నడాయన.

ఆయన మా ఆయన దిక్కు తిరిగి, "ఏందిరా, నువ్వేమంటవ్?" అన్నడు.

వొద్దు అంటడని చూసిన. సరే అన్నా గూడ అర్థం చేసుకుందునేమో. మా ఆయన, "చూద్దాం" అన్నడు.

అది ఇనంగనే ముందుగాల నా మతిల మెదిలింది కోపం కాదు. నేను జల్దీ చస్తే అందరికి తోవ దొరుకుతదనిపించింది. చచ్చెతందుకు గూడ లేసి నడువాలె గద, ఆ నడక లేదు నాకు. గోడ దిక్కు మొహం పెట్టుకోని పండిన.

మా అన్న బొల్లారంల మిలిటరీ వంటశాలల పని చేస్తుండె. నా సంగతి అమ్మ చెప్పితే చూడనీకి వచ్చిండు. నన్ను చూసి గడప కాడనే నిలవడ్డడు. గుర్తు పట్టలేదనుకుంట. తర్వాత పక్కన కూసోని అంగి జేబులకెళ్లి పొట్లం తీసిండు. అండ్ల పసుపుపచ్చటి గోలీలున్నయ్.

"కునైను దొరుకుతలేదని ఇవి సిపాయిలకిస్తున్రు చెల్లె. తింటే పెయ్యి పచ్చగైతదని వాళ్లు తినకుండ పారేస్తున్రు. డాక్టరుకు చూపెట్టిన. కునైను బదులు గివి మింగొచ్చన్నడు."

"పచ్చగైతే ఏమైతది?"

"నీ లెక్క మంచంల ఉన్నోళ్లు అడిగే మాటనా గది?" అని నవ్వవోయి నవ్వలేకపోయిండు.

మింగిన. నిజంగనే పచ్చగైన. అరచేతులు, గోర్లు, మొహం అంత పసుపు రాసినట్టైంది. ఊర్ల ఈసారి కామెర్లన్నరు. ఖాలా వచ్చి నా గదువ పట్టుకోని, "మల్ల పెండ్లికూతురివైనవా? పసుపు బాగనే పట్టింది" అన్నది. నవ్వితే నోట్ల పుండ్లు మండినయ్, అయినా నవ్విన.

కునైను లెక్క జల్దీ గుణమియ్యలే. ఒక వానకాలమంత పట్టింది. ముందుగాల నోటి పుండ్లు మానినయ్. తర్వాత కాళ్ల వాపు దిగింది. ఒకనాడు నా అంతల నేనే పక్కకు తిరిగి పండిన. ఇంకొకనాడు గోడ పట్టుకోని గడప దాటిన. అత్త వాకిట్ల చాట పట్టుకోని కూసున్నది. నన్ను చూసి లేసి లోపలికి పోలే. దగ్గరికి రమ్మన్నది. నన్ను ముందట కూసోవెట్టుకోని, మిగిలిన నాలుగు ఎంటికలకు నూనె రాసి దువ్వుడు మొదలువెట్టింది.

"నేనేం చెయ్యాలె చెప్పు? పొల్ల పసిది. దానికేమన్నయితే ఎట్ల? నీ మీద పగతోని చేసిన్నా?" అన్నది నా వెనుక నుంచి.

"కాదత్తా."

"మరి నా దిక్కు గట్ల చూస్తవెందుకు?"

ఎట్ల చూస్తున్ననో నాకు తెల్వదు. ఆమె జడ అల్లి లేసిపోయింది. ఆ దినం నుంచి నాకు అందరి కంచాలల్లనే పెట్టింది.

రెండో పెండ్లి ముచ్చట మల్ల రాలే. గోలీలతోని ఆగిందా, ఆయన మనసుతోని ఆగిందా, ఆ సంబంధం వేరేటోళ్లకు కుదిరిందా, నాకు తెల్వదు. నేను ఆయనను అడుగలే. గోలీలు కొన్నాళ్లు వచ్చినయ్, లడాయి అయిపోయినంక తక్కువైనయ్. రోగం పోలే. తగ్గుకుంట పెరుగుకుంట ఉన్నది. దానికి తగ్గట్టు ఇంట్ల పని పంచుకున్నం. పొద్దు పొడవకముందు, పొద్దు గూకినంక నావి. నడుమ పగలంత మా అత్తది. నాటు ఎయ్యలే మల్ల. పొలం ఎట్ల పండిందో ఆయన చెప్తే ఇనుడే.

బిడ్డ నన్ను అర్రలమ్మ అనుడు బంద్ చేసింది గానీ నా దగ్గరికి చుట్టం లెక్క వచ్చేది. అడిగింది ఇచ్చేది, పిలిస్తే పలికేది. ఒక ఎండకాలం పగటీలి అవ్వతోని కల్లం కాడికి పోయి గడ్డిల తేలు కుట్టిచ్చుకున్నది. దాని ఏడుపు ఇంటిదాక ఇనవడ్డది. ఇంట్ల ఎవ్వలు లేరు. కొంగు నెత్తి మీదేసుకోవాల్నని గూడ తోచలే, ఉరికిన. కల్లం కాడ అత్త ఒగిర్చుకుంట దాని కాలుకు పేలిక కడ్తాంది. నేను దాన్ని భుజం మీదేసుకోని ఎండలనే ఇంటికొచ్చిన. వస్తుంటనే మొహం మండుడు తెలుస్తాంది. ఇగ ఎట్లయినా వస్తది, రానీ అనుకున్న.

బిడ్డ నొప్పి తెల్లారేసరికి పోయింది. నన్ను మాత్రం ఆ ఎండ నెలకు పైన మంచంల పడేసింది. బిడ్డ గడప మీద కూసోని గచ్చకాయలు ఆడుకుంట అడిగింది.

"నీకు ఎండ పడదు గద. మరి ఎందుకచ్చినవ్?"

"నువ్వు ఏడ్చినవ్ గద."

అది కొంచెం ఆలోచించింది. గచ్చకాయలు ఏరుకోని లోపలికొచ్చి నా మంచం పక్కన కింద కూసున్నది. అక్కడనే ఆడుకున్నది.

చదువు నేను దానితోనే నేర్చుకున్న, అది వేరే ముచ్చట. రోగం పేరు మాత్రం చానా ఏండ్ల తర్వాత, జుట్టు తెల్లబడ్డంక, పట్నంల ఒక డాక్టరమ్మ చెప్పింది. లూపస్ అట. కొందరికి తోలు మీదనే ఉండి పోతదట, కొందరికి కీళ్లకు, మూత్రపిండాలకు, గుండెకు దిగుతదట. ఎవరికి ఎంత వస్తదో ముందుగాల చెప్పలేమన్నది. ఖాలాకు ఉన్నది గూడ అదేనా అంటే, చూడకుండ ఎట్ల చెప్తనన్నది. పచ్చ గోలీల సంగతి చెప్తే ఆమె కలం కింద పెట్టి నా దిక్కు చూసింది. ఇప్పుడు ఈ రోగానికి ఇచ్చే మందు వాటి చుట్టమేనని చెప్పింది.

అప్పటికి మా అత్త లేదు. ఖాలా గూడ లేదు, ముసలితనం వచ్చి, మనుమండ్ల పెండ్లిండ్లు చూసి పోయింది. దవఖాన మెట్ల మీద కూసోని ఆయనకు చెప్పిన. ఆయన ఆ పేరు రెండుసార్లు పలికి చూసిండు, నోరు తిరుగలే.

"గప్పుడే గీ పేరు తెలిస్తే ఎట్లుండునో" అన్నడు.

బయట ఎండ ఇంకా గట్టిగున్నది. పొద్దు వాలేదాక మెట్ల మీది నీడలనే కూసోని, తర్వాత బస్సెక్కినం.